బాత్రూమ్ మార్పు: టైల్స్ షోరూమ్‌కు వెళ్లే ముందు తేల్చుకోవలసినవి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో పదిహేను ఇరవై ఏళ్ల క్రితం కట్టిన అపార్ట్‌మెంట్లలో పడకగదిని ఆనుకున్న బాత్రూమ్ తరచూ ఒకే కొలతలో కనిపిస్తుంది: సుమారు 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. తలుపు తీయగానే వాష్ బేసిన్, దాని పక్కన కమోడ్, చివర స్నానానికి వదిలిన జాగా, దానిపైన అద్దపు పలకల వెంటిలేటర్, ఆ మూలనే వేలాడే గీజర్. స్నానమూ మరుగుదొడ్డీ కలిసిన గదికి జాతీయ భవన నిర్మాణ స్మృతి అడిగే కనీస వైశాల్యం 2.8 చదరపు మీటర్లు కాగా ఈ గది 3.7 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి అసలు ఇబ్బంది జాగా చాలకపోవడం కాదు. స్నానమైన గంట తర్వాత కూడా కమోడ్ ముందు నేల తడిగా ఉండడం, తలుపు కింది అంచు ఉబ్బి గీసుకోవడం, కుళాయిల మీద తెల్లటి పొర కట్టడం, సబ్బూ షాంపూ సీసాలన్నీ కిటికీ గట్టునే చేరడం వంటివే రోజూ విసిగించే విషయాలు.

ఇలాంటి బాత్రూమ్‌ను మార్చాలనుకున్న ఇంటివారు ముందుగా వెళ్లేది టైల్స్ షోరూమ్‌కే. నిజానికి అది చివరి మజిలీ కావాలి. అందం కోసమే తీసుకుంటున్నామనుకునే ప్రతి నిర్ణయాన్నీ మూడు విషయాలు ముందే శాసిస్తాయి: నీరు ఎంత ఒత్తిడితో వస్తోంది, ఎటు పోతోంది, ఎంతసేపట్లో ఆరుతోంది. వీటిని పట్టించుకోకుండా కొన్న నల్లటి షవరు, పెద్ద పెద్ద టైల్స్, అద్దపు తలుపు ఫొటోల్లో బాగుంటాయి. ఏడాది తిరిగేసరికి వాటిని తుడుచుకోవడమే ఇంట్లో వాళ్లకు ఒక పనిగా మిగులుతుంది.

కూల్చాలా, పైన అతికించాలా

చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ శ్లాబును మిగతా ఇంటి శ్లాబు కంటే అడుగు నుంచి అడుగున్నర దాకా దించి పోస్తారు. కమోడ్ పైపును, నేల మీది నీటిని లాగే నహానీ ట్రాప్‌ను ఆ గుంటలో అమర్చి, ఇటుక ముక్కలతోనో మరేదైనా తేలిక సరుకుతోనో నింపి, దానిపై గచ్చు చేసి టైల్స్ పరుస్తారు. టైల్స్ సందుల్లో పూసిన సిమెంటు ఏళ్ల తరబడి యాసిడ్‌తో కడగడం వల్ల తినేసుకుపోతుంది. ట్రాప్ మెడ చుట్టూ వెంట్రుకవాసి సందు పడుతుంది. అలా దిగిన నీటికి బయటికి పోయే దారి ఉండదు కనుక అది ఆ నింపుడులోనే నిలిచి, కింది ఫ్లాటు సీలింగ్ మీద పసుపు మరకగానో, మన పడకగది గోడకు నేల నుంచి అడుగెత్తున పెయింట్ పొక్కులుగానో బయటపడుతుంది. నీరు దిగడం మొదలైన చోటికీ మరక కనబడిన చోటికీ పొంతన ఉండకపోవడం వల్లే, కింది ఇంటివారితో మాటలు పెరిగేదాకా కారణం తేలదు.

పాత టైల్స్ మీదే కొత్తవి అతికించే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. దుమ్ము తక్కువ, రోజులు తక్కువ, చెత్త మోయించే ఖర్చూ తక్కువ. కింద ఎక్కడా చెమ్మ లేకపోతే, పాత టైల్స్‌ను కర్రతో తట్టినప్పుడు గుల్లగా మోగకపోతే, లోపలి పైపులు తుప్పు పట్టే ఇనుప పైపులు కాకపోతే ఆ పద్ధతిని తప్పుపట్టవలసిన పని లేదు. చెమ్మ ఉన్నచోట మాత్రం అది పుండు మీద పౌడరు అద్దడమే.

పైన అతికించడంలో షోరూమ్‌లో ఎవరూ చెప్పని కొలత ఒకటుంది. కొత్త టైలు మందం, దాని కింద జిగురు కలిసి 12 నుంచి 15 మిల్లీమీటర్లు, అంటే సుమారు అరంగుళం. గోడ అరంగుళం ముందుకు వస్తుంది, నేల అరంగుళం లేస్తుంది. కమోడ్ పైపు నేలలోకి దిగే ఎస్-ట్రాప్ రకమైతే, పూర్తయిన గోడ నుంచి రంధ్రం మధ్యకు ఉన్న దూరాన్ని బట్టి కమోడ్ ఎంచుకోవాలి. మన మార్కెట్లో 9 అంగుళాలు, 12 అంగుళాల కొలతలు ఎక్కువ. పాత 9 అంగుళాల దూరం టైల్స్ తర్వాత ఎనిమిదిన్నరకు తగ్గితే, 9 అంగుళాలకు చేసిన కొత్త కమోడ్ వెనుక గోడకు తగిలి రంధ్రం మీద సరిగ్గా కూర్చోదు. నేల సంగతీ అంతే. బాత్రూమ్ నేల పడకగది నేల కంటే అంగుళం దాకా కిందికి ఉండడం వల్లే నీళ్లు గడప దాటవు. ఆ తేడా సగానికి పడిపోతే, బకెట్ పొర్లిన రోజున తలుపు బయట మ్యాట్ తడవకుండా ఉండదు.

శ్లాబు దాకా తవ్వడానికి సిద్ధపడితే పని పెద్దదే కానీ, ఆ తర్వాత చాలా ఏళ్లు దాని గురించి ఆలోచించనక్కర లేదు. పాత నింపుడంతా తీసేశాక శ్లాబు పగుళ్లు పూడ్చాలి. పైపులు శ్లాబును దాటే చోట్ల కుంచించుకుపోని గ్రౌట్, అంటే సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం పోయాలి. గోడా నేలా కలిసే మూలల్లో సిమెంటుతో గుండ్రంగా గోలా కట్టాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత తరచూ చిరిగేది ఆ తొంభై డిగ్రీల మూలలోనే. ఆ తర్వాత పాలిమర్ కలిపిన సిమెంటు పూతను రెండు వరసలుగా, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా వేస్తారు. గోడల మీద అడుగు ఎత్తు వరకు, షవర్ ఉన్న గోడకు తల ఎత్తు దాటే వరకు ఈ పూత ఎక్కాలి. నింపుడు, గచ్చు పూర్తయ్యాక దాని మీద మరోసారి వేయడం మంచిది. గుంట అడుగు నుంచి డక్ట్‌లోకి, అంటే భవనం పైపులన్నీ దిగే నిలువు సందులోకి ఒక సన్నటి పైపు పెట్టిస్తే, ఎప్పుడైనా నీరు దిగినా నిలవకుండా బయటికి పోతుంది. పూత ఆరిన తర్వాత ట్రాప్ మూసి, నేల మీద రెండు మూడు అంగుళాల నీరు నింపి కనీసం 48 గంటలు అలాగే ఉంచాలి. నీటి మట్టం వద్ద గోడపై పెన్సిల్‌తో గీత గీసి, కింది ఫ్లాటువారిని వారి సీలింగ్ గమనించమని కోరాలి. పని ఆగిపోతోందని మేస్త్రీ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

వాటం, టైల్స్, తలంటు

నేల వాటం స్నానం చేసే చోట ప్రతి 80 అడుగులకు ఒక అడుగు లెక్కన ఉంటే నీరు నిలవకుండా పోతుంది. 4 అడుగుల దూరంలో అది సుమారు 15 మిల్లీమీటర్ల దిగుడు. కంటికి పెద్దగా కనబడదు, కాలికి తెలియదు. ట్రాప్ గది మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ దానికి వాటం ఇవ్వాలి, అప్పుడు పెద్ద టైల్స్ మూలమూలలకు కోస్తే తప్ప కుదురుకోవు. రెండడుగుల టైలును కోయకుండా పరిచేస్తే దాని ఒక మూల లేచి, అక్కడే నీళ్లు ఆగుతాయి. అందుకే స్నానపు జాగాలో అడుగు చదరం టైల్స్ వాడడమో, గోడ వెంబడి పొడవాటి ఛానల్ డ్రైన్ పెట్టి నేలంతా ఒకే వైపు వంచడమో చేయాలి. గుంట శ్లాబు ఉన్నచోట ట్రాప్‌ను జరపడం కుదురుతుంది కనుక రెండో దారి అందుబాటులో ఉన్నట్టే. పైపులు కింది ఫ్లాటు సీలింగ్ కింద వేలాడే భవనాల్లో ఆ ఆశ వదులుకోవాలి.

గుజరాత్‌లోని మోర్బీ నుంచి మన దుకాణాలకు వచ్చే టైల్స్‌లో గోడవి, నేలవి వేర్వేరు సరుకులు. గోడకు వేసే సిరామిక్ టైలు మెత్తనిది, నీరు పీల్చుకుంటుంది. విట్రిఫైడ్ టైలు పీల్చుకునే నీరు అర శాతం లోపే. రంగు కలిసిందని గోడ టైలును నేలకు వేయించుకోకూడదు. నేల టైలు పెట్టె మీద ఆర్9 నుంచి ఆర్13 వరకు కనిపించే అంకె జారుడును తట్టుకునే గుణాన్ని చెబుతుంది. నూనె పూసిన ఏటవాలు బల్ల మీద బూట్లతో నడిపించి చూసే పరీక్షలో వచ్చే గుర్తు అది. ఇంటి బాత్రూమ్‌కు ఆర్10 సరిపోతుందని సాధారణంగా చెబుతారు.

బల్ల మీది నూనె మన ఇళ్లకు దూరమైన సంగతేమీ కాదు. శనివారం తలంటుకు, దీపావళి తెల్లవారుజామున, బాలింతకూ పసిబిడ్డకూ నీళ్లు పోసేటప్పుడు నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడు రసం అన్నీ ఆ నేల మీదే పడతాయి. సున్నిపిండి తడిసి ముద్దై నూనెతో కలిస్తే, నున్నటి టైలు మీద కాలు నిలవదు. అదే ముద్ద ట్రాప్‌లో వెంట్రుకలను పట్టుకుని గట్టిపడుతుంది. కాబట్టి చేత్తో పైకి తీసి కడుక్కునే జాలీ ఉన్న ట్రాప్, దానిలో దుర్వాసనను ఆపేందుకు కనీసం 50 మిల్లీమీటర్ల నీటి మట్టం ఉండేలా చూసుకోవాలి. విదేశీ క్యాటలాగులు చూసి డిజైన్ గీసేవారికి ఈ తలంటు సంగతి తట్టదు, మనమే చెప్పుకోవాలి.

పాత ఇళ్ల స్నానాల గదుల్లో గరుకుగా చెక్కిన తాండూరు బండలు, కడప బండలు కాలికి మంచి పట్టునిచ్చేవి. వాటిని మళ్లీ వాడాలన్న మోజు ఈమధ్య కనిపిస్తోంది, చూడ్డానికీ బాగుంటాయి. అయితే అవి సున్నపురాళ్లు. యాసిడ్ పడితే నురుగు కక్కి, మెరుపు పోయి గుంటలు పడతాయి. ఆ రాయి వేయించుకునే ఇంట్లో యాసిడ్ సీసా ఉండకూడదు. గ్రానైట్‌కు ఆ బెడద లేదు, పైగా తలుపు ఫ్రేముగా చెక్కకు బదులు గ్రానైట్ పట్టీలు నిలబెడితే చెదలూ పట్టవు, ఉబ్బూ రాదు.

టైల్స్ సందుల్లో పూతకు స్నానపు జాగాలోనైనా సిమెంటు గ్రౌట్ బదులు ఎపాక్సీ అనే రెసిన్ గ్రౌట్ వాడితే డబ్బు దండగ అనిపించదు. ఖరీదు ఎక్కువే, పూయడానికి చేయి తిరిగినవాడూ కావాలి. కానీ అది నీరు పీల్చదు, నల్లబడదు, యాసిడ్‌కు లొంగదు. టైల్స్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించి గ్రౌట్‌కు పెట్టమని నేను ఎవరికైనా చెబుతాను.

నీటి స్వభావం, నీటి బలం

హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్ల సంపుల్లో కృష్ణా, గోదావరి, మంజీర నీళ్లతో బోరు నీరు, వేసవిలో ట్యాంకర్ నీరు కలుస్తాయి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని ఆమోదయోగ్యంగా, వేరే నీటి వనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. బోరు నీరు ఆ మొదటి గీతను సులువుగా దాటుతుంది. అలాంటి నీరు ఆరినచోటల్లా తెల్లటి సున్నపు మచ్చ మిగులుతుంది, గీజర్‌లో వేడెక్కినప్పుడు అదే సున్నం ఎలిమెంట్ మీద పొరగా పేరుకుంటుంది. మ్యాట్ నలుపు కుళాయిలు, ముదురు బూడిదరంగు టైల్స్, అద్దపు తలుపు ఈ మచ్చలను దాచలేవు, చాటి చెబుతాయి. క్రోమ్ పూత, లేత ఇసుక రంగు టైల్స్ వాటిని కొంత కప్పుతాయి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి తోడవుతుంది కనుక అక్కడ బోల్టులు, కీళ్లు కూడా మంచి స్టెయిన్‌లెస్ స్టీలువి అడగాలి. మచ్చలను యాసిడ్‌తో వదలగొడితే క్రోమ్ కూడా వదులుతుంది. వారానికోసారి వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవడం చాలు.

ఒత్తిడి లెక్క మరీ సులువు. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తున ఉంటే 1 బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తులో షవర్ తలకూ ట్యాంకులోని నీటికీ మధ్య 3 మీటర్లే ఉంటే దక్కేది 0.3 బార్. పళ్లెమంత వెడల్పున సీలింగ్ నుంచి వేలాడే వాన షవర్‌కు అది చాలదు, నీరు ధారలుగా కాక చుక్కలుగా రాలుతుంది. అప్పుడు ప్రెషర్ పంపు పెట్టాలి, లేదా చిన్న రంధ్రాల చేతి షవర్‌తో సరిపెట్టుకోవాలి. కింది అంతస్తుల వారికి ఈ బాధ లేదు. అందుకే పక్కింట్లో బాగున్న షవర్ మనింట్లో బాగుంటుందన్న పూచీ లేదు.

బకెట్ స్నానాన్ని నామోషీగా చూడనక్కర లేదు. మన ఇళ్లలో పెద్దలు పీట మీద కూర్చుని చెంబుతో పోసుకుంటారు. నీళ్లు రాని రోజున అందరికీ ఆ బకెట్టే దిక్కు. షవర్ నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు పోస్తుంది కనుక రెండు నిమిషాల్లో ఒక బకెట్ నీళ్లు అయిపోతాయి. కాబట్టి కొత్త బాత్రూమ్‌లోనూ బకెట్ కుళాయి తప్పదు. దాని మూతి కింద 20 లీటర్ల బకెట్ సులువుగా పట్టాలి, దించేటప్పుడు నీటిని షవర్‌కో కుళాయికో మళ్లించే డైవర్టర్ పిడికి తగలకూడదు. ఆ బకెట్, పీట పెట్టుకోవడానికి కనీసం 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు జాగా మిగలనిదే అద్దపు అడ్డు ఆలోచన పెట్టుకోకపోవడం మేలు. అద్దం పెట్టేంత చోటుంటే 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, దాని కింద కాలికి తగిలే గట్టుకు బదులు అరంగుళం దిగుడు ఇస్తే తడి నేల, పొడి నేల విడిపోతాయి. గది ఎంత కొత్తగా కనిపిస్తుందన్నది టైల్స్ కంటే ఎక్కువగా ఈ విడదీయడం మీదే ఆధారపడుతుంది, ఎందుకంటే పొడిగా ఉన్న నేలే శుభ్రంగా కనిపిస్తుంది. సబ్బులు, సీసాలకు గోడలోనే గూడు చెక్కించవచ్చు. గూడు అడుగు పలక కాస్త ముందుకు వంగి ఉండాలి, లేకపోతే సబ్బు ఎప్పుడూ నానుతూనే ఉంటుంది.

కమోడ్, కరెంటు, గాలి

గోడకు వేలాడే కమోడ్ చూపుకు తేలికగా ఉంటుంది, కింద తుడవడానికీ వీలు. కానీ దాని బరువును, కూర్చున్న మనిషి బరువును నాలుగున్నర అంగుళాల ఇటుక అడ్డుగోడ ఒక్కటే మోయలేదు. నేలకు బిగించిన ఇనుప ఫ్రేము కావాలి, ఆ ఫ్రేమునూ దాచిన ఫ్లష్ ట్యాంకునూ కప్పే పొట్టి గోడ అర అడుగు జాగా తినేస్తుంది. జాగా మిగులుతుందని దాన్ని కొనేవారు ఈ అర అడుగును లెక్కలో వేసుకోరు. ట్యాంకు లోపలి విడిభాగాలను ఫ్లష్ పలక తీసి మార్చగలగాలి, అవి మన ఊళ్లో దొరకాలి. వాస్తు కోసం కమోడ్‌ను ఎదుటి గోడకు జరపమనే సలహా తరచూ వస్తుంది. నమ్మకం ఎవరిది వారిది. 4 అంగుళాల పైపు డక్ట్ దాకా వాటంతో వెళ్లాలన్న నియమాన్ని మాత్రం ఎవరూ మార్చలేరు. దూరం పెరిగినకొద్దీ గుంట లోతు చాలదు, అడ్డుపడే మలుపులు పెరుగుతాయి.

కరెంటు దగ్గర పొదుపు పనికిరాదు. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల వద్ద 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, స్విచ్ గది బయట ఉండాలి. గ్యాస్ గీజర్‌ను బాత్రూమ్ లోపల పెట్టడం ప్రాణాంతకం. మూసిన గదిలో అది ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది, ఆ వాయువుకు వాసన ఉండదు.

గాలి విషయం చిన్నదే కానీ దాన్ని మరిచిపోయేవారు ఎక్కువ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లోపలి గాలిని లాగాలంటే ఎక్కడి నుంచో లోపలికి గాలి రావాలి. తలుపు కింద అరంగుళం సందు వదలకపోతే ఫ్యాన్ మోత తప్ప ఫలితం ఉండదు. ఫాల్స్ సీలింగ్ కావాలనుకుంటే జిప్సమ్ కాక, తేమకు పాడవని పీవీసీ గానీ క్యాల్షియం సిలికేట్ గానీ వాడి, పై ఫ్లాటు పైపుల కింద తెరిచి చూసే చిన్న తలుపు పెట్టించాలి. పైనుంచి కారుతున్న నీటిని అందమైన సీలింగ్ నెలల తరబడి దాచిపెట్టగలదు.

ఇంట్లో అరవై దాటిన వారున్నా లేకపోయినా, గోడలు విప్పిన ఈ సమయంలోనే కమోడ్ పక్కన, షవర్ దగ్గర పట్టుకొయ్యలకు గట్టి ఆధారం పెట్టించుకోవాలి. తర్వాత గుల్ల గోడకు రెండు మరలు బిగించి తగిలించిన కొయ్య, మనిషి నిజంగా పట్టుకున్న క్షణంలోనే ఊడి వస్తుంది. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే, లోపల ఎవరైనా పడిపోయినా తలుపు తీయవచ్చు. గొళ్లెం బయటి నుంచి కూడా తీయగలిగేది అయితే మరీ మంచిది.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

పని వరస మారితే ఖర్చు పెరుగుతుంది. తవ్వకం, పైపులు, పైపుల్లో ప్రెషర్ పరీక్ష, కరెంటు గొట్టాలు, ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు నిలిపే పరీక్ష, టైల్స్, గ్రౌట్, చివరికి ఫిట్టింగులు అన్నది సరైన క్రమం. వేడినీటికి, వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వాడాలి. వాటి జిగురు ఆరాక టెస్టింగ్ పంపుతో ఒత్తిడి ఎక్కించి కొన్ని గంటలు ఆపి, ముల్లు దిగకపోతేనే గోడ మూయించాలి. కుళాయిలు, డైవర్టర్, కమోడ్ ప్లంబర్ గోడ తవ్వక ముందే ఇంటికి చేరాలి, ఎందుకంటే గోడలో దాగే భాగం లోతు కంపెనీ కంపెనీకీ మారుతుంది. గోడ మూసే ముందు ప్రతి వైపూ టేపు పట్టి కొలత కనిపించేలా ఫొటోలు తీసుకుంటే, రేపు టవల్ రాడ్‌కు రంధ్రం చేసేటప్పుడు పైపు పగలదు.

కాంట్రాక్టర్‌కు ఇచ్చే వాయిదాలను రోజులకు కాక ఈ పరీక్షలకు ముడిపెట్టాలి: ప్రెషర్ పరీక్ష నిలబడ్డాక ఒకటి, 48 గంటల నీళ్ల పరీక్ష అయ్యాక ఒకటి, గ్రౌట్ ఆరి, బకెట్ నీళ్లు గుమ్మరించి ఎక్కడా మడుగు మిగలలేదని చూశాక చివరిది. అపార్ట్‌మెంట్ సంఘం అనుమతి, చెత్త ఎక్కడ పోయాలి, ఏ వేళల్లో తవ్వాలి అన్నవి ముందే రాసుకుంటే పని మధ్యలో ఆగదు. టైల్స్ కొనేటప్పుడు ఒకే బ్యాచ్ నంబరులో పెట్టెలన్నీ తీసుకుని, ఒక పెట్టె అటక మీద దాచాలి. అయిదేళ్ల తర్వాత అదే రంగు, అదే అచ్చు మార్కెట్లో దొరకడం చాలా అరుదు.